చేతిలో వేదిక.. చూపులకు గాలం!

సృజన యాప్‌లు జనాన్ని రప్పించేదెలా? నిలుపుకొనేదెలా?

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ: 2020 జూన్ 29 రాత్రి. చైనాతో సంబంధమున్న 59 యాప్‌లను నిషేధిస్తున్నట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. సమాచార సాంకేతిక చట్టంలోని 69ఏ సెక్షన్ కింద వెలువడిన ఆ జాబితాలో టిక్‌టాక్ కూడా ఉంది. అప్పటికి దేశంలో దాదాపు 20 కోట్ల మంది వాడుతున్న వేదిక అది. మరుసటి రోజుకల్లా తెర పడింది. పొలం గట్టున పద్యం పాడిన రైతు, వంటింట్లో అభినయించిన గృహిణి, కళాశాల ఆవరణలో అడుగులు వేసిన విద్యార్థి.. ఎవరి వీడియోలు వారికే కనిపించకుండా పోయాయి. ఏళ్ల తరబడి సంపాదించుకున్న అభిమానులు ఒక్క రాత్రిలో చెల్లాచెదురయ్యారు.

అయితే వేదిక మూతపడినా ఆట ఆగలేదు. రోజుల వ్యవధిలోనే షేర్‌చాట్ సంస్థ 'మోజ్'ను తెచ్చింది. జులై 8న ఇన్‌స్టాగ్రామ్ 'రీల్స్'ను మన దేశంలో ప్రవేశపెట్టింది. సెప్టెంబరులో యూట్యూబ్ 'షార్ట్స్' ప్రయోగాన్ని భారత్‌ నుంచే ఆరంభించింది. యాప్ పోయింది కానీ అలవాటు పోలేదు. నేడు బందరు కోనేరు సెంటరులో బస్సు కోసం నిరీక్షించే విద్యార్థి మొదలుకొని నాగాయలంక రేవులో వలలు బాగుచేసుకునే యువకుడి వరకు, తీరిక చిక్కితే చేయి జేబులోని ఫోన్ వైపే వెళుతోంది. ఐదు నిమిషాలు చూద్దామని తెరిచినవారు అరగంట తర్వాత గాని తలెత్తడం లేదు. ఇంతటి ఆకర్షణ ఎక్కడి నుంచి వస్తోంది? వచ్చినవారిని వెళ్లనివ్వని ఆ నేర్పు ఏమిటి? ఒక యాప్ వర్ధిల్లి మరొకటి ఎందుకు అంతరిస్తోంది? ఈ ప్రశ్నలకు సమాధానం సాంకేతికతలో కొంత, మానవ స్వభావంలో మరికొంత ఉంది.

పనిముట్టు కోసం వచ్చి.. మనుషుల కోసం ఆగి

సృజన యాప్‌లు తొలుత ఇచ్చేది స్నేహితులను కాదు, ఒక పనిముట్టును. ఇందుకు ఇన్‌స్టాగ్రామ్ చరిత్రే నిదర్శనం. కెవిన్ సిస్ట్రోమ్ మొదట 'బర్బన్' పేరిట తామున్న చోటును మిత్రులకు తెలియజేసే యాప్‌ను రూపొందించారు. అందులో హంగులు ఎక్కువ కావడంతో జనం పట్టించుకోలేదు. వాడిన కొద్దిమందీ ఛాయాచిత్రాలు పంచుకోవడానికే ఇష్టపడుతున్నారని గుర్తించిన సిస్ట్రోమ్, మైక్ క్రీగర్ మిగిలినవన్నీ తొలగించి ఆ ఒక్కదానినే నిలిపారు.

అప్పటి ఫోన్ కెమెరాలతో తీసిన చిత్రాలు అంత బాగా వచ్చేవి కావు. తాను తీసిన ఫొటోలు అందంగా ఉండవు గనుక యాప్‌లో పెట్టలేనని సముద్రతీర విహారంలో స్నేహితురాలు చెప్పిన మాట సిస్ట్రోమ్‌ను ఆలోచింపజేసింది. ఫలితమే రంగులను, వెలుగునీడలను క్షణంలో మార్చే 'ఫిల్టర్లు'. 2010 అక్టోబరు 6న విడుదలైన తొలిరోజే 25 వేల మంది చేరారు. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ఆ సంస్థను 100 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసే నాటికి అందులో ఉన్న ఉద్యోగులు 13 మంది మాత్రమే.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. సామాన్యుడిని సృజనకు దూరంగా ఉంచేది ఆసక్తి లేకపోవడం కాదు, 'నలుగురిలో నవ్వులపాలవుతానేమో' అన్న జంకు. ఆ జంకును తగ్గించిన పనిముట్టుకే జనం పట్టం కట్టారు. మంగినపూడి తీరంలో సాధారణ ఫోన్‌తో తీసిన సూర్యోదయం కూడా చిత్రకారుడి పనిలా కనిపిస్తే, దానిని దాచుకోవాలని ఎవరికీ అనిపించదు. పనిముట్టు కోసం వచ్చినవారు అక్కడ మెచ్చుకునే మనుషులు తారసపడటంతో ఆగిపోతారు. అప్పటినుంచి అంతకంటే మెరుగైన పనిముట్టు మరోచోట దొరికినా కదలరు.

పెడన అచ్చు చెప్పే పాఠం

బందరు పక్కనే ఉన్న పెడన కలంకారీకి పేరు. టేకు చెక్కపై నిపుణుడు అచ్చు చెక్కుతాడు. కరక్కాయ కషాయంలో తడిపి ఆరబెట్టిన వస్త్రంపై అద్దకపు పనివారు ఆ అచ్చును వరుసగా వేస్తారు. లత గీయడం అందరికీ రాదు. అచ్చు చేతికిస్తే కొద్దిపాటి అభ్యాసంతో అద్దగలరు. రంగుల కూర్పులో, అంచు అమరికలో ఎవరి నేర్పు వారిదే.

చిట్టి వీడియోల యాప్‌ల విజయ రహస్యమూ ఇదే. ఖాళీ తెర చూపి 'ఏదైనా సృష్టించు' అంటే నూటికి 90 మంది బెదిరిపోతారు. ముందే సిద్ధం చేసిన పాట, ఒక అడుగు, ఒక సంభాషణ చేతికిచ్చి 'దీనిని నీ తీరులో చెయ్యి' అంటే ధైర్యం వస్తుంది. షాంఘైలో పుట్టిన 'మ్యూజికల్.లీ' అనుభవం దీనిని రుజువు చేసింది. దాని వ్యవస్థాపకులు అలెక్స్ జు, లుయు యాంగ్ తొలుత చిన్న చిన్న విద్యా పాఠాల వీడియోల యాప్‌ను తెచ్చి విఫలమయ్యారు. కొద్ది నిమిషాల పాఠాన్ని తయారుచేయడానికి పట్టే శ్రమ ఎక్కువ కావడమే అందుకు కారణమని గ్రహించారు. మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో 2014లో పాటకు పెదవులు కదిపే యాప్‌ను నిర్మించారు. అది పశ్చిమ దేశాల కౌమార వయస్కులను ఉర్రూతలూగించింది. 2017 నవంబరులో బైట్‌డ్యాన్స్ దానిని కొనుగోలు చేసి, 2018 ఆగస్టులో టిక్‌టాక్‌లో విలీనం చేసింది.

ఒకరి వీడియోకు పక్కన తమ వీడియో జోడించే 'డ్యూయెట్', ఒకే పాటకు వేలమంది అడుగులు కలిపే 'ఛాలెంజ్' ఈ అచ్చు సూత్రానికి కొనసాగింపే. అనుకరణను దొంగతనంగా కాక ఆహ్వానంగా మార్చడమే వీటిలోని కిటుకు.

కొత్త లంకలో తొలి సేద్యం

కృష్ణానది వేసిన ఇసుక మేటల్లో కొత్త లంక తేలితే అక్కడికి మొదట వెళ్లేది ఎవరు? ఊళ్లో స్థిరపడిన మోతుబరి వెళ్లడు. ఇక్కడ సెంటు భూమి లేనివాడే తెగించి వెళతాడు. కొత్త యాప్‌లకూ ఇదే వర్తిస్తుంది. కొత్త సమాజాన్ని నిర్మించడం కొత్త దేశాన్ని నెలకొల్పడం వంటిదని అలెక్స్ జు విశ్లేషించారు. పాత వేదికల్లో పేరున్నవారు కదలరు. అవకాశం దొరకనివారే వస్తారు. తొలిదశలో కొందరిని త్వరగా ప్రసిద్ధులను చేస్తే, వారిని చూసి మరికొందరు తరలివస్తారు. ఆ తర్వాత మధ్యతరగతికీ గుర్తింపు పంచకపోతే వలస ఆగిపోతుంది. ఆయన వాదన సారాంశమిదీ.

టిక్‌టాక్ ఈ సూత్రాన్ని పతాకస్థాయికి తీసుకెళ్లింది. అంతకుముందు ఫేస్‌బుక్ వంటి వేదికల్లో మిత్రులు, అనుచరులు ఉన్నవారి మాటే నలుగురికీ చేరేది. టిక్‌టాక్‌లో అభిమాని ఒక్కరూ లేనివారి వీడియోను సైతం ముందుగా కొద్దిమందికి చూపిస్తారు. వారు చివరి వరకు చూశారా, మళ్లీ చూశారా, ఇతరులకు పంపారా అని యంత్రం లెక్కిస్తుంది. స్పందన బాగుంటే మరింత మందికి, అదీ బాగుంటే ఇంకా ఎక్కువ మందికి చేరుస్తుంది. అభిమానుల సంఖ్యను నేరుగా పరిగణించబోమని, వీడియోను చివరిదాకా చూడటం బలమైన సంకేతమని 2020 జూన్‌లో ఆ సంస్థే వెల్లడించింది. మారుమూల కోడూరులోని యువకుడికీ, హైదరాబాద్‌లోని నటుడికీ తొలి పరీక్ష ఒక్కటే కావడం గ్రామీణులను విశేషంగా ఆకట్టుకుంది.

చేప పడితే మెరుపు.. పడకపోతే ఆశ

రప్పించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు. దివిసీమ కాలువ గట్టున గాలం వేసి కూర్చున్న వ్యక్తిని గమనిస్తే ఈ విద్య అర్థమవుతుంది. వేసిన ప్రతిసారీ చేప పడితే గంటలో బుట్ట నింపుకొని ఇంటికి వెళ్లిపోతాడు. ఎన్నడూ పడకపోతే గాలం విరిచి పారేస్తాడు. ఒకసారి జెల్ల, ఒకసారి కొరమీను, నాలుగుసార్లు ఉత్త ఎర.. ఇలా జరిగినప్పుడే పొద్దు గూకినా లేవడు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ గత శతాబ్దంలోనే పావురాలపై ప్రయోగాలు జరిపి ఈ స్వభావాన్ని నిరూపించారు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతే జీవిని పదేపదే ప్రయత్నించేలా చేస్తుంది. వేలితో తెరను పైకి తోసినప్పుడల్లా వచ్చే వీడియో అటువంటి బహుమతే. విసుగు పుట్టించే రెండింటి తర్వాత మనసు దోచే ఒకటి వస్తుంది. అదే మరో పదింటిని చూపిస్తుంది.

దీనికి తోడు 'అంతు లేని తెర'. పుస్తకానికి పుట ముగుస్తుంది. పత్రికకు చివరి పేజీ ఉంటుంది. సినిమాకు శుభం కార్డు పడుతుంది. పేజీ మార్చే అవసరం లేకుండా తెర సాగుతూనే ఉండే పద్ధతిని 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, అది జనం కాలాన్ని ఇంతగా హరిస్తుందని ఊహించలేదంటూ తర్వాతి కాలంలో బహిరంగంగానే పశ్చాత్తాపం వ్యక్తం చేశారు. ఇక మూసిన యాప్‌ను మళ్లీ తెరిపించడానికి 'మీ వీడియోను ఫలానావారు మెచ్చుకున్నారు' అనే గంట ఎలాగూ మోగుతూనే ఉంటుంది.

'వన్స్ మోర్'కు కొత్త రూపం

పౌరాణిక నాటకాలకు కృష్ణా తీరంలో ఒకనాడు ఉన్న ఆదరణ పెద్దలకు తెలియనిది కాదు. పద్యం రాగయుక్తంగా ముగియగానే ప్రేక్షకుల నుంచి 'వన్స్ మోర్' కేకలు వినిపించేవి. నటుడు ఆగి అదే పద్యాన్ని మళ్లీ అందుకునేవాడు. ఆ కేకే కళాకారుడికి కూలి కంటే మిన్నగా ఉండేది. 2009 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ప్రవేశపెట్టిన 'లైక్' మీట చేసిన పని అదే. కాకపోతే నాటి కేక పందిట్లోనే కలిసిపోయేది. నేటి మెప్పు అంకెగా మారి అందరి కంటా పడుతోంది. అంకె ఉన్నచోట పోలిక తప్పదు. పోలిక ఉన్నచోట వెలితి తప్పదు.

అందరూ సృష్టికర్తలు కారన్నది మరో వాస్తవం. అంతర్జాల సమాజాల్లో నూటికి 90 మంది కేవలం చూస్తారని, తొమ్మిది మంది అడపాదడపా పాల్గొంటారని, మిగిలిన ఒక్కరే అత్యధిక భాగాన్ని సృష్టిస్తారని జాకబ్ నీల్సన్ 2006లో సూత్రీకరించారు. అందుకే ఏ యాప్ అయినా ఇద్దరినీ సంతృప్తిపరచాలి. సృష్టించే ఒక్కరికి గుర్తింపు కావాలి. చూసే 90 మందికి ప్రయాస లేని వినోదం కావాలి. ఏ ఒక్కరు అలిగినా పందిరి కూలుతుంది.

మన మాటకు మన్నన

తెలుగు పల్లెల్లో ఈ యాప్‌లు వేళ్లూనుకోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. మొదటిది చౌక డేటా. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమయ్యాక వీడియో చూడటం సంపన్నుల విలాసంగా మిగల్లేదు. రెండోది భాష. ఐఐటీ కాన్పూర్ పట్టభద్రులు అంకుశ్ సచ్‌దేవా, భానుప్రతాప్ సింగ్, ఫరీద్ అహ్సన్ 2015లో నెలకొల్పిన షేర్‌చాట్ ఆంగ్లాన్ని పక్కనబెట్టి తెలుగు సహా భారతీయ భాషలకే పెద్దపీట వేసింది. పండుగ శుభాకాంక్షలు, భక్తి చిత్రాలు, హాస్యోక్తులు తమ భాషలో కావాలని కోరేవారు కోట్లలో ఉన్నారని, వారిని ఎవరూ పట్టించుకోలేదని ఆ యువకులు గుర్తించారు.

భాషతోపాటు జీవితం కూడా తెరకెక్కితే ఆదరణకు ఎల్లలు ఉండవని మస్తానమ్మ నిరూపించారు. ఆమెది గుడివాడే, అయితే మన గుడివాడ కాదు, గుంటూరు జిల్లాలోని గుడివాడ గ్రామం. మునిమనవడు లక్ష్మణ్, అతని మిత్రుడు శ్రీనాథ్‌రెడ్డి 2016లో 'కంట్రీ ఫుడ్స్' పేరుతో యూట్యూబ్ ఛానల్ ప్రారంభించి ఆమె వంటలను చిత్రీకరించారు. పొలంలో కట్టెల పొయ్యి, నేలపై కూర్చుని చేతితోనే అల్లం పొట్టు తీసే ఆ వృద్ధురాలి ఒడుపు, పుచ్చకాయలో వండిన కోడికూర ప్రపంచాన్ని ఆకట్టుకున్నాయి. వందేళ్లు పైబడిన వయసులో 2018 డిసెంబరు 2న ఆమె కన్నుమూసే నాటికి ఆ ఛానల్‌కు 12 లక్షల మంది చందాదారులు ఉన్నారు. ఖరీదైన స్టూడియో, నటన, ఆంగ్లం.. ఇవేవీ ఆమెకు లేవు. ఉన్నది ఇంకెవరూ అనుకరించలేని సహజత్వం.

నిలబడలేకపోయినవి

పైకి లేచిన ప్రతి యాప్ నిలబడలేదు. ఆరు సెకన్ల వీడియోల 'వైన్'ను ట్విటర్ 2012లో కొనుగోలు చేసి 2013 జనవరిలో విడుదల చేసింది. కుర్రకారు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కానీ పేరు తెచ్చిన సృష్టికర్తలకు ఆదాయ మార్గం చూపలేకపోయింది. నిడివి పెంచిన ఇన్‌స్టాగ్రామ్, డబ్బు ఇచ్చే యూట్యూబ్ వైపు వారు మళ్లిపోయారు. 2016 అక్టోబరులో మూసివేత ప్రకటన వెలువడింది. వారు వెళ్లిపోవడంతో చూసేవారూ వెళ్లిపోయారు.

మాటల గదుల యాప్ 'క్లబ్‌హౌస్'ది మరో కథ. 2020లో మొదలై 2021 మేలో ఆండ్రాయిడ్ ఫోన్లకు రాగానే తెలుగువారు సైతం రాత్రంతా చర్చలు సాగించారు. లాక్‌డౌన్‌లు ముగిసి జనం పనుల్లో పడటంతో సందడి తగ్గింది. ఆ వేళకు అక్కడ ఉంటేనే వినగలగడం దాని బలహీనత. తీరిక దొరికిన రెండు నిమిషాల్లో చూసి వెళ్లగల వీడియోతో గంటల కొద్దీ సాగే సంభాషణ పోటీపడలేకపోయింది. 2023 ఏప్రిల్‌లో ఆ సంస్థ సగానికి పైగా సిబ్బందిని తొలగించింది.

పంట రైతుది.. భూమి ఎవరిది?

డెల్టాలో కౌలు రైతు పరిస్థితి అందరికీ తెలిసిందే. దుక్కి దున్ని, నారు పోసి, కలుపు తీసి పంట పండించేది అతడే. భూమి మాత్రం అతడిది కాదు. వచ్చే ఏడాది ఇస్తారో ఇవ్వరో తెలియదు. యాప్‌లపై ఆధారపడిన సృష్టికర్తదీ సరిగ్గా ఇదే స్థితి. వీడియో అతడిది. ఎవరికి చూపాలో, ఎంత చెల్లించాలో నిర్ణయించేది సంస్థ. నియమాలు మారితే అడిగే దిక్కు లేదు. 2020 జూన్ నాటి అనుభవం చెప్పింది ఇదే.

ఆదాయం కూడా అనుకున్నంత తేలిక కాదు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా పొందాలంటే 1,000 మంది చందాదారులతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణం గాని, 90 రోజుల్లో చిట్టి వీడియోలకు కోటి వీక్షణలు గాని సాధించాలి. 2023 ఫిబ్రవరి నుంచి చిట్టి వీడియోల ఆదాయంలో సృష్టికర్తల కోసం కేటాయించిన మొత్తం నుంచి 45 శాతం ఇస్తున్నారు. చదువు, పని మానుకొని ఇదే జీవనోపాధి అనుకునే యువత ఈ లెక్కను ముందుగా చూసుకోవడం మేలు. మరోవైపు పెడన వస్త్రాలు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు, బందరు లడ్డూ వంటి సొంత సరుకు ఉన్నవారికి వీడియో ఆదాయ మార్గం కాకపోయినా ఖర్చు లేని ప్రచార సాధనం కాగలదు.

పిల్లల విషయంలో ప్రపంచమంతటా ఆందోళన వ్యక్తమవుతోంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి ప్రధాన సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు లేకుండా చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి సమాచార సేకరణకు తల్లిదండ్రుల సమ్మతి అవసరం. పిల్లల కదలికలను గమనిస్తూ వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలు చూపడాన్ని చట్టం నిషేధిస్తోంది. దశలవారీగా అమలయ్యేలా దీని నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించారు. చట్టం వచ్చినంత మాత్రాన ఇంట్లో పెద్దల బాధ్యత తీరదు.

ఇవి గమనిస్తే మేలు

* రూపొందించిన ప్రతి వీడియో ప్రతిని సొంత మెమరీ కార్డులోనో, కంప్యూటర్‌లోనో భద్రపరచుకోవాలి. యాప్‌ను బీరువాగా భావించరాదు.

* ఒకే వేదికను నమ్ముకోకుండా కనీసం రెండింటిలో ఖాతా ఉంచుకోవాలి. చేతివృత్తులవారు, వ్యాపారులు కొనుగోలుదారుల ఫోన్ నంబర్లను విడిగా రాసుకోవాలి.

* డబ్బు చెల్లిస్తే అభిమానులను పెంచుతామనే సందేశాలను నమ్మరాదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

* మంగినపూడి, హంసలదీవి వద్ద అలల్లోకి దిగి, వంతెనల అంచున నిలబడి చిత్రీకరించడం ప్రాణాలతో చెలగాటమే.

* నోటిఫికేషన్లను నిలిపివేస్తే యాప్ పిలిచినప్పుడు కాక, మనకు వీలైనప్పుడే తెరిచే అవకాశం ఉంటుంది.

* పిల్లలు వీడియోలు తీస్తుంటే మందలించడానికి ముందు పక్కన కూర్చుని చూడాలి. ఇల్లు, పాఠశాల, ఏకరూప దుస్తులపై పేరు వంటి ఆనవాళ్లు తెరపై కనిపించకుండా జాగ్రత్త వహించాలి.

పనిముట్టు, అచ్చు, కొత్తవారికి చోటు, ఆశ రేపే గాలం, మెప్పు, మాతృభాష.. ఈ ఆరూ కలిసిన యాప్‌కు జనం వస్తారు. సృష్టికర్తకు ప్రతిఫలం కూడా దక్కితే నిలుస్తారు. రేపు నేటి యాప్‌లు పోయి మరొకటి రావచ్చు. దాని పేరు ఏదైనా తీరు ఇదే. గాలం ఎక్కడుందో తెలిసిన చేపకు ఎరను చూసి ఆగే వీలుంటుంది.